మాట తప్పిన నవల, కోరిక తీర్చని నవల

ఏళ్ల తరబడి ఎదురుచూసిన సిరీస్‌లో కొత్త నవల విడుదలైనప్పుడు, మొదటి కొన్ని వారాల్లో పాఠకులు దాని గురించి చెప్పుకొనే మాటలు వింటే, వీరంతా చదివినది ఒకే పుస్తకమేనా అన్న సందేహం కలుగుతుంది. ఈ వరుసలో ఇంత పరిణతి ఉన్న నవల మరొకటి లేదని ఒకరు అంటారు. వంద పేజీలు దాటాక ముందుకు సాగలేకపోయామని మరొకరు అంటారు. ఒకరికి కంటతడి పెట్టించిన అధ్యాయమే ఇంకొకరికి సాగతీతగా తోస్తుంది. తమకు తెలిసిన పాత్ర ఇలా ప్రవర్తించనే ప్రవర్తించదని కొందరు పట్టుబడితే, ఆ పాత్ర ఇన్నాళ్లకు సరిగ్గా అర్థమైందని మరికొందరు సంతోషిస్తారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ఈ తేడాలను లోకో భిన్నరుచిః అని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. సిరీస్‌లోని కొత్త నవల మనల్ని నిరాశపరచినప్పుడు ఆ నిరాశ రెండు వేర్వేరు చోట్ల నుంచి పుట్టి ఉండవచ్చు. వెనకటి నవలల్లో ఇచ్చిన మాటను రచయిత తప్పడం వల్ల పుట్టేది మొదటిది. మనం మన మనసులో పెంచుకున్న కోరికను రచయిత తీర్చకపోవడం వల్ల పుట్టేది రెండవది. చదువుతున్నప్పుడు రెండూ ఒకే తీరున బాధిస్తాయి కనుక వాటిని విడదీసి చూడడం కష్టం. అయినా విడదీయక తప్పదు, ఎందుకంటే మొదటిది నవలలో ఉన్న లోపం, రెండవది కాదు.

నవల మాట ఇవ్వడమంటే ముందుమాటలో హామీ రాయడం కాదు. ఒక ప్రశ్నను లేవనెత్తి దానికి జవాబు ముందుందని పాఠకుణ్ణి నమ్మించడం ఒక మాట. తన లోకంలో ఫలానా పనికి ఫలానా మూల్యం చెల్లించాలని నియమం పెట్టడం ఒక మాట. ఒక పాత్ర చేసిన తప్పును నాలుగు అధ్యాయాల పాటు తూకం వేసి చూపడం కూడా ఒక మాటే, ఎందుకంటే అంత శ్రద్ధగా చూపిన తప్పుకు పర్యవసానం లేకుండా పోదని మనం నమ్ముతాం. ఈ మాటలన్నీ అచ్చయిన పేజీల్లో ఉంటాయి. ఎవరైనా తిరగేసి చూపవచ్చు. కోరికలు అలా పేజీల్లో దొరకవు. ఫలానా ఇద్దరూ పెళ్లి చేసుకోవాలని, ఫలానా దుర్మార్గుడు ఘోరంగా చావాలని, మొదటి నవలలోని ఆ ఇంటికి అందరూ తిరిగి చేరాలని మనం అనుకుంటాం. అందులో తప్పేమీ లేదు. కథను ప్రేమించేవారు కథను ముందుకు ఊహించకుండా ఎలా ఉంటారు?

విడి నవలకు ఈ చిక్కు ఉండదు. దాన్ని మొదలుపెట్టి పూర్తి చేసే లోపల మన ఊహలకు వేళ్లూనుకొనే వ్యవధి దొరకదు. సిరీస్‌లో ఒక భాగానికీ మరొక భాగానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో పాఠకుడు పాత భాగాలను మళ్లీ మళ్లీ చదువుతాడు, తోటి పాఠకులతో వాదిస్తాడు, రాబోయే భాగాన్ని మనసులో పదిసార్లు రాసుకొని ఉంటాడు. పదిహేనేళ్ల వయసులో మొదటి నవల చదివినవాడు ముప్పై ఏళ్లకు నాలుగో నవల చదువుతాడు. మరొక సంగతిని చర్చల్లో తరచు మరచిపోతాం: ఆ కాలమంతా రచయితకూ వయసు పైబడుతూనే ఉంటుంది. ఇరువురూ మారిపోయాక, మారని పాత నవల సాక్షిగా మళ్లీ కలుసుకుంటారు. అభిప్రాయాలు చీలిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇది నేటి పాఠకుల చాపల్యమని కొందరు అంటారు గానీ, ఈ తగవు నవల అంత పాతది. సెర్వాంటెస్ 'డాన్ కిహోటే' మొదటి భాగం 1605లో వెలువడింది, రెండవ భాగం 1615లో వచ్చింది. ఆ రెండవ భాగంలో పాత్రలే కూర్చుని మొదటి భాగంపై పాఠకుల ఫిర్యాదులను చర్చిస్తాయి. అసలు కథతో సంబంధం లేని మరో కథను మధ్యలో ఎందుకు ఇరికించారని కొందరు అడుగుతున్నారట. కథానాయకుడికి తగిలిన దెబ్బల్లో కొన్నింటిని తగ్గించి ఉంటే బాగుండునని మరికొందరు అంటున్నారట. కథానాయకుడి సేవకుడైన సాంచోకు చెందిన, దొంగిలించబడిన గాడిద తిరిగి దొరికినట్టు చెప్పకుండానే సాంచో మళ్లీ దానిమీద ఎలా ఎక్కాడని ఇంకొందరు నిలదీస్తున్నారట. గాడిద సంగతికి సాంచో ఇచ్చే సమాధానం నాకు చాలా ఇష్టం: అది రాసినవాడి పొరపాటైనా అయి ఉండాలి, అచ్చు వేసినవాడి అశ్రద్ధైనా అయి ఉండాలి అంటాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఈ మూడు ఫిర్యాదుల్లోనే నేను చెప్పిన తేడా కనిపిస్తుంది. గాడిద విషయం మాట తప్పడం. రచయిత దాన్ని ఒప్పుకొని సరిదిద్దడానికి ప్రయత్నించాడు. దెబ్బలు తగ్గించమనడం కోరిక. దాన్ని విన్నాడు, ఊరుకున్నాడు.

కోరికకు లొంగని రచయితల్లో లూయిసా మే ఆల్కాట్‌ను ముందుగా చెప్పాలి. 'లిటిల్ విమెన్' మొదటి భాగం 1868లో రాగానే, కథానాయిక జో ఎవరిని పెళ్లాడుతుందని అడుగుతూ బాలికలు ఉత్తరాలు రాశారు. వారికి కావలసిన జవాబు పొరుగింటి కుర్రాడు లారీ. ఎవరి సంతోషం కోసమూ జోను లారీకి ఇచ్చి పెళ్లి చేయనని ఆల్కాట్ తన దినచర్యలో రాసుకున్నారు, 1869లో వచ్చిన రెండవ భాగంలో ఆ మాట నిలబెట్టుకున్నారు. మొదటి భాగాన్ని జాగ్రత్తగా చదివితే జో తిరస్కారం అకస్మాత్తుగా ఊడిపడింది కాదని తెలుస్తుంది. వారిద్దరూ ఒకే రకమైన మొండితనం, ఒకే రకమైన కోపం ఉన్నవారు. అందుచేత ఆ తిరస్కారంపై ఫిర్యాదు నిలవదు. అయితే జో చివరకు పెళ్లాడే ప్రొఫెసర్ భేర్‌ను రెండవ భాగంలో గానీ ప్రవేశపెట్టకపోవడం వల్ల అతడు జోకు తగిన భర్తగా కాక, లారీ కాని భర్తగా మాత్రమే కనిపిస్తాడన్న ఫిర్యాదు ఉంది చూశారూ, అది న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఒకే నిరాశలో రెండు దారాలు ఇలా పెనవేసుకొని ఉంటాయి.

పాఠకుల మాటను మరీ ఎక్కువగా విన్నవారూ ఉన్నారు. ఆంథొనీ ట్రాలప్ తన బార్సెట్‌షైర్ నవలల గురించి ఆత్మకథలో ఒక సంఘటన చెప్పారు. ఒక క్లబ్బులో ఇద్దరు మతాధికారులు పత్రికలో తన సీరియల్ చదువుతూ, ఈయన పాత పాత్రలనే మళ్లీ మళ్లీ తెస్తాడని విసుక్కుంటుండగా, ముఖ్యంగా బిషప్ భార్య మిసెస్ ప్రౌడీని తిట్టుకుంటుండగా విన్నారట. లేచి వెళ్లి, ఆ రచయితను నేనేనని చెప్పి, ఇంటికి పోయి వారం తిరగకుండా ఆమెను చంపేస్తానన్నారు, అన్నంత పనీ చేశారు. ఆ తర్వాత ఆమె లేని లోటుకు తానే విచారించినట్టు కూడా రాశారు. 1867లో పూర్తయిన, ఆ వరుసలో చివరిదైన నవలలో ఆమె మరణ ఘట్టం నిజంగా గొప్పగా ఉంటుంది, కనుక నష్టం జరిగిందని అనలేను. కానీ విసుగు చెందిన ఇద్దరి మాట ఇష్టపడే వేలమంది మౌనం కంటే బిగ్గరగా వినిపిస్తుందన్నది మాత్రం దీనివల్ల స్పష్టం.

ఇక మాట తప్పిన సందర్భాలకు వస్తాను. (కింద కొన్ని కథాంశాలు బయటపడతాయి, చదవబోయేవారు గమనించగలరు.) రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' సిరీస్‌లో తొమ్మిదవ నవల 2000 నవంబరులో వచ్చింది. దాని చివరి ఘట్టంలో కథానాయకుడు తన లోకపు మాంత్రికశక్తిలో పురుషులకు చెందిన సగాన్ని తరతరాల కల్మషం నుంచి శుద్ధి చేస్తాడు. ఆ సిరీస్‌లో అంతటి మలుపు అంతకు ముందు లేదు. పదవ నవల 2003 జనవరిలో వచ్చింది. రెండేళ్లకు పైగా ఎదురుచూసిన పాఠకుడు పుస్తకం తెరిస్తే, కథ చాలావరకు అదే రోజుకు తిరిగి వెళ్లి, మిగిలిన పాత్రలు ఆ సమయంలో ఎక్కడెక్కడ ఏం చేస్తున్నాయో చెప్పసాగింది. ఒకరి తర్వాత ఒకరుగా అందరూ ఎక్కడో దూరాన జరుగుతున్న ఆ మహాకార్యాన్ని పసిగట్టి ఆశ్చర్యపోతారు. మనకు అది ఏమిటో ముందే తెలుసు. తెలిసిన సంగతిని తెలియనివారు ఊహిస్తుంటే చూడడంలో కొంతసేపు ఆనందం ఉంటుంది గానీ, వందల పేజీల పాటు ఉండదు. ఆ సిరీస్‌ను ప్రాణంగా చూసుకొనేవారు సైతం ఆ నవలను సమర్థించడానికి తడబడడం నేను చూశాను.

ఇక్కడ పాఠకులు కోరినది ఫలానా సంఘటన జరగాలని కాదు. తొమ్మిదవ నవల ముగింపు ఒక ప్రశ్న వేసింది: లోకం ఇంతగా మారాక ఇప్పుడేమవుతుంది? పదవ నవల ఆ ప్రశ్నను పట్టించుకోకుండా పక్కకు జరిగింది. అందుకే ఆ నిరాశను నేను పూర్తిగా న్యాయమైనదిగా భావిస్తాను. 2005లో వచ్చిన పదకొండవ నవలలో ఆగిన కథలు కదిలాయి, పాఠకుల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. జోర్డాన్ 2007లో మరణించారు; ఆయన వదిలి వెళ్లిన రాతప్రతుల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు నవలలను 2013 నాటికి పూర్తి చేశారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు పదవ నవల ముగించిన రోజే పదకొండవది తెరవగలరు, కనుక వారికి అది కాస్త నెమ్మదైన భాగం మాత్రమే. నిరీక్షించి చదివినవారికి అది అంతకు మించిన గాయం. రెండు తీర్పులూ నిజమే, ఎందుకంటే ఎదురుచూడడం కూడా చదవడంలో భాగమే.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' సిరీస్‌లో నాలుగవదైన 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్' విషయంలో తీర్పు ఇంత తేలిక కాదు. 2000లో వచ్చిన మూడవ నవల తర్వాత రాతప్రతి అదుపు తప్పి పెరిగిపోవడంతో, ఆయన దాన్ని కాలక్రమాన్ని బట్టి కాక పాత్రలను బట్టి, ప్రాంతాలను బట్టి రెండుగా విడదీశారు. 2005లో వచ్చిన నాలుగవ నవలలో టిరియన్, జాన్, డెనేరిస్ దృష్టికోణంలో ఒక్క అధ్యాయం కూడా లేదు. అత్యధికులు ప్రేమించిన ముగ్గురూ లేకుండా, అప్పటిదాకా కథకు అంచుల్లోనే ఉన్న దీవులవారూ ఎడారివారూ ముందుకు వచ్చారు. మిగిలిన సగం మరుసటి ఏటికి వస్తుందన్న ఆశను పుస్తకం చివర ఆయన వ్యక్తం చేశారు. అది 2011లో వచ్చింది. అంటే తండ్రిని చంపి పారిపోయిన టిరియన్‌కు ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి పాఠకులు పదకొండేళ్లు ఆగవలసి వచ్చింది. ఇది మాట తప్పడమే. దానిని నేను కప్పిపుచ్చను.

కానీ ఆ నవలను ఆ ఒక్క లోటుతో కొలిచి పక్కన పెట్టినవారు ఎంత పోగొట్టుకున్నారో కూడా చెప్పాలి. యుద్ధం ముగిశాక ఆ దేశం ఎలా మిగిలిందో చూపడానికి బ్రియన్ అనే యోధురాలిని దగ్ధమైన గ్రామాల గుండా నడిపిస్తాడు రచయిత. దారిలో ఒక నిరుపేద పూజారి, యుద్ధానికి ఉత్సాహంగా బయలుదేరిన సామాన్యుడు ఎలా విరిగిపోయి దొంగగా మారతాడో ఊపిరి తిప్పుకోకుండా చెప్పే ఘట్టం ఒకటి ఉంది. మొదటి మూడు నవలలు రాజుల యుద్ధాన్ని చూపాయి. దాని మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న వాటిలోనే ఉంది. నాలుగవది దానికి జవాబు చెప్పింది. ఒక మాట తప్పుతూ మరొక మాట నిలబెట్టుకున్న నవల అది. అందుకే కాలం గడిచేకొద్దీ దాని మర్యాద పెరిగిందని అనుకుంటాను. నాలుగు, ఐదు నవలల అధ్యాయాలను కాలక్రమంలో కలిపి చదివే వరుసలను పాఠకులే తయారుచేసుకున్నారు. అభిమానం అనే మాటకు అంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు: లోపాన్ని దాచలేదు, పుస్తకాన్ని వదల్లేదు, ఓపికగా కూర్చుని దారి వేసుకున్నారు.

నాకు అత్యంత సన్నిహితమైన ఉదాహరణ ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ'. మొదటి మూడు నవలలూ 1968, 1972 మధ్య వచ్చాయి. గెడ్ అనే మేకల కాపరి మహామాంత్రికుడై, మూడవ నవల చివర లోకాన్ని రక్షించడంలో తన శక్తినంతా ఖర్చు చేసేస్తాడు. ఆ తర్వాత అతడేమయ్యాడో రెండు కథనాలుగా చెప్పి ఆ నవల ముగుస్తుంది: కొత్త రాజు పట్టాభిషేకానికి వచ్చి ఒంటరిగా పడవలో సముద్రంలోకి వెళ్లిపోయాడని కొందరు, తన దీవిలోని కొండ అడవుల్లోకి వెళ్లాడని మరికొందరు. అంత నిండైన ముగింపును పదే పదే చదువుకున్నవారికి, 1990లో నాలుగవ నవల 'టెహాను' చేతికొచ్చింది. దానిలో గెడ్ సముద్రంలోకి గానీ ఐతిహ్యంలోకి గానీ వెళ్లలేదు. డ్రాగన్ వీపుమీద సగం ప్రాణంతో ఊరు చేరి, శక్తి పోయినందుకు సిగ్గుపడుతూ, రాజదూతలు వస్తే దాక్కొని, మేకలు కాయడానికి పోతాడు. కథ అతనిది కాదు. రెండవ నవలలో బాలికగా కనిపించిన టెనార్ ఇప్పుడు నడివయసు వితంతువు. సొంతవారే కొట్టి నిప్పుల్లో పడేసిన ఒక పసిపిల్లను పెంచుతూ, గిన్నెలు కడుగుతూ, భయపడుతూ, తలుపు గడియ వేసుకుంటూ ఉంటుంది. సాహసం ఎక్కడ, మంత్రం ఎక్కడ అని పాఠకులు అడిగారు. మా వీరుణ్ణి ఇలా దిగజార్చారేమని బాధపడ్డారు. నెబ్యులా పురస్కారం పొందిన ఈ నవలను సిరీస్‌కే ద్రోహమన్నవారు ఉన్నారు, సిరీస్‌లో శిఖరమన్నవారూ ఉన్నారు.

నేను రెండవ పక్షంలో ఉన్నాను, దానికి కారణం మొదటి నవలలోనే ఉంది. ఆ దీవుల్లో ఆడవారి మంత్రం బలహీనమైనదనీ చెడ్డదనీ జనం సామెతలుగా చెప్పుకుంటారని అక్కడే రాసి ఉంది. మాంత్రికుల విద్యాలయంలోకి మగవారినే తీసుకుంటారన్నది కూడా అక్కడిదే. మూడు నవలల పాటు ఎవరూ ఎందుకని అడగలేదు. పాఠకులమూ అడగలేదు, కథ అంత వేగంగా లాక్కుపోయింది. నాలుగవ నవలలో ఆ ప్రశ్న అడిగింది రచయిత్రే. ప్రతి పనికీ మూల్యం ఉంటుందన్నది ఎర్త్‌సీ తొలి నియమం. శక్తినంతా ఇచ్చేసిన మనిషి మరుసటి రోజు ఉదయం ఎలా నిద్రలేస్తాడో చూపకపోతే ఆ నియమం ఉత్త అలంకారమై ఉండేది. కనుక గెడ్ మేకలు కాయడం మాట నిలబెట్టుకోవడమే. పద్దెనిమిదేళ్ల పాటు అతణ్ణి పడవలో నిలబెట్టి చూసుకున్నది మన కోరిక. ఆ కోరికకూ మూడవ నవలే ఆధారమిచ్చింది కదా అంటారేమో. అది రెండు కథనాలు చెప్పింది, మనం మనకు నచ్చినదాన్ని ఎంచుకున్నాం.

పాత్ర మారిపోయిందన్న ఫిర్యాదు విన్న ప్రతిసారీ నేను అడిగేది ఒక్కటే: ఆ మార్పుకు కారణం పేజీల్లో ఉందా? ఉంటే అది పాత్ర ఎదుగుదలో పతనమో అవుతుంది, మనకు నచ్చకపోవడం వేరే విషయం. కారణం లేకుండా కథ అవసరం కోసం ధైర్యవంతుడు పిరికివాడైతే, తెలివైనది తెలివి మాలితే, అక్కడ పాఠకుడి కోపం సరైనదే. అలాంటి చోట, నచ్చకపోతే చదవకండి అని వీరాభిమానులు నోరు మూయించడం నాకు కష్టంగా ఉంటుంది. వేల పేజీలు నమ్మి చదివినవారికి, నమ్మకం ఎక్కడ సడలిందో చెప్పే హక్కు ఉంది. రచయిత మనకు ఋణపడి ఉన్నాడన్నట్టు మాట్లాడేవారి ధోరణిని కూడా నేను అంగీకరించను. రచయిత ఋణపడి ఉన్నది తన పాత పేజీలకే.

'టెహాను'ను ఇంతగా సమర్థించిన నేనే, దానిపై ఒక ఫిర్యాదును మాత్రం వదులుకోలేను. ఇంటిపనిలో, ఓర్పులో, సాటి ఆడవారి మాటల్లో ఏ శక్తి ఉందో నవల పొడవునా అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా చూపాక, చివరి కొద్ది పేజీల్లో ఒక దుష్టమాంత్రికుడు టెనార్‌నూ గెడ్‌నూ లొంగదీసుకొని కొండ అంచుకు నడిపిస్తాడు, డ్రాగన్ ఆకాశం నుంచి దిగి నిప్పుతో ఆ చిక్కును తేల్చేస్తుంది. డ్రాగన్‌ను పిలిచేది ఆ కాలిన పసిపిల్లే, ఆ పిల్లకూ డ్రాగన్లకూ ఉన్న బంధానికి మొదటి నుంచీ సూచనలు ఉన్నాయి, అది నిజమే. అయినా వెయ్యి చిన్న పనులతో నిలబెట్టిన ఆ ఇంటి కథకు జవాబు ఆ ఇంటిలోంచి రావలసింది. టెనార్ చేతుల్లోంచి ఆ ముగింపు ఎందుకు జారిపోయిందో, అదే సిరీస్‌లో 2001లో వచ్చిన 'ది అదర్ విండ్' చదివాక కూడా నాకు సమాధానం దొరకలేదు.